తూకం ఆగిన వారాలు: బేరియాట్రిక్ సర్జరీ తర్వాత పాఠకుల సందేహాలు

బరువు తగ్గడానికి బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవారి నుంచి, వారి కుటుంబ సభ్యుల నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఉత్తరాలను క్లుప్తపరచి, పేర్లు తొలగించాము.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 38. స్లీవ్ ఆపరేషన్ జరిగిన రోజున నా బరువు 112 కిలోలు. మొదటి రెండు వారాల్లో 7 కిలోలు తగ్గాను. ఆ తర్వాత పది రోజులుగా కాటా 105 దగ్గరే నిలిచిపోయింది. మధ్యలో ఒకరోజు 300 గ్రాములు పెరిగింది కూడా. రోజంతా కలిపి నేను తీసుకునేది రెండు కప్పుల రాగి జావ, కాస్త పప్పుకట్టు, ఒక గ్లాసు మజ్జిగ మాత్రమే. "ఇన్ని లక్షలు పోసి కడుపు కోయించుకుంటే ఇంతేనా" అని ఇంట్లో అంటున్నారు. నా కడుపు సాగిపోయిందా? జావ ఒక పూటకే పరిమితం చేస్తే మళ్లీ తగ్గడం మొదలవుతుందా?
— ఒక గృహిణి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఆపరేషన్ విఫలం కాలేదు, మీ కడుపూ సాగిపోలేదు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసివేసి, సన్నని గొట్టం లాంటి భాగాన్ని మాత్రమే ఉంచుతారు. ఆ గొట్టం నాలుగు వారాల్లో జావకూ మజ్జిగకూ సాగిపోవడం జరగదు. ఆపరేషన్ నాటి వాపు తగ్గేకొద్దీ ద్రవాలు కాస్త సులువుగా దిగడం మొదలవుతుంది. దాన్ని చూసి సాగిపోయిందేమోనని చాలామంది బెంగపడతారు. రెండో వారానికీ అయిదో వారానికీ మధ్య తూకం ఇలా ఆగడం ఎంత సాధారణమంటే, ఈ సర్జరీలు చేసే బృందాలు దీన్ని ముందే ఊహిస్తాయి. డిశ్చార్జి రోజునే రోగికీ, వెంట వచ్చినవారికీ ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పి పంపాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే మీరు పడుతున్న వేదనలో సగం ఆ ఒక్క మాట ముందుగా తెలియకపోవడం వల్లనే కలిగింది.

తూకం ఎందుకు ఆగిందో అర్థం కావాలంటే మొదటి రెండు వారాల్లో తగ్గిన 7 కిలోలు ఏమిటో చూడాలి. మన శరీరం అప్పటికప్పుడు వాడుకోవడానికి పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు దాచుకుంటుంది, ఆ నిల్వలో ప్రతి గ్రాముతోపాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా చేరి ఉంటుంది. తిండి ఒక్కసారిగా పడిపోయినప్పుడు శరీరం ముందుగా ఈ నిల్వనే ఖర్చు చేస్తుంది, దానితో ఉన్న నీరు మూత్రంగా వెళ్లిపోతుంది. ఆపరేషన్ సమయంలో ఎక్కించిన సెలైన్ కూడా ఆ రోజుల్లోనే బయటకు పోతుంది. అందువల్ల మొదట చకచకా తగ్గిన బరువులో నీటి వాటా చాలా ఎక్కువ. ఆ తర్వాత మీరు జావ వంటివి తీసుకోవడం మొదలుపెట్టగానే గ్లైకోజెన్ కొంత తిరిగి నిండుతుంది, పోయిన నీటిలో కొంత వెనక్కి వస్తుంది, గాయం మానుతున్న శరీరం ఉప్పునూ నీటినీ కొంతకాలం పట్టి ఉంచుతుంది.

ఈ లోగా కొవ్వు కరగడం ఆగిందా అంటే, ఆగలేదు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. మీ వయసుకూ బరువుకూ రోజుకు 1,800 కేలరీల దాకా ఖర్చవుతాయనుకుంటే, మీరు తీసుకుంటున్నది 500 కూడా దాటడం లేదు. రోజుకు 1,300 చొప్పున పది రోజులకు 13,000 కేలరీల లోటు, అంటే ఒకటిన్నర కిలోకు పైగా కొవ్వుకు సమానమైన శక్తి, మీ ఒంటి నిల్వల నుంచే వచ్చి ఉండాలి. ఆ మేరకు నీరు చేరితే కాటా మీద ముల్లు కదలదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు 24 వారాలపాటు సగం తిండి పెట్టి చేసిన ప్రయోగంలోనూ ఇటువంటిదే కనిపించింది. వారు చిక్కి సగమవుతున్న రోజుల్లోనే వారి కాళ్లకు నీరు పట్టింది.

ఇక జావ తగ్గించే సంగతి. దయచేసి ఆ పని చేయకండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది తూకం కాదు, మీరు రాసిన ఆహారం. ఆ రెండు కప్పుల జావ, పప్పుకట్టు, మజ్జిగ అన్నీ కలిపినా 15 గ్రాముల ప్రోటీన్ దొరకడం కష్టం, మీకు కావలసింది రోజుకు కనీసం 60 గ్రాములు. ఈ లోటు ఇలాగే సాగితే శరీరం కండరాన్ని కరిగించి వాడుకుంటుంది, నీరసం పెరుగుతుంది, మూడో నెల తర్వాత ఎలాగూ కొంత రాలే జుట్టు మరింతగా రాలుతుంది. మీ సర్జన్ మెత్తని ఆహారానికి అనుమతించి ఉంటే ఉడికించిన గుడ్డును మెత్తగా చిదిమి, ముళ్లు తీసిన చేపను గుజ్జులా చేసి, గడ్డ పెరుగును చిలికి తీసుకోవచ్చు. ఇంకా ద్రవాహారంలోనే ఉంచితే పాలు, నీళ్లలో కలిపిన వే ప్రోటీన్ (పాలు విరిచిన నీటి నుంచి తీసే ప్రోటీన్) పొడి మీకు ఆధారం. ఒక గుడ్డులో 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో 6 నుంచి 7 గ్రాములు, ప్రోటీన్ పొడి డబ్బాతో వచ్చే కొలత చెంచాతో ఒక చెంచాలో రకాన్ని బట్టి 20 నుంచి 25 గ్రాములు ఉంటాయి. మొదట ప్రోటీన్, తర్వాత కూర గుజ్జు, చోటు మిగిలితేనే జావ అన్న క్రమం పాటించండి. తూకం ఆగిందన్న తొందరలో ఆహార దశను మీరే ముందుకు జరిపి ఇడ్లీ, అన్నం మొదలుపెట్టకండి.

నీళ్లు రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల వరకు గుక్క గుక్కగా తాగాలి, తినే ముందూ తిన్న తర్వాతా అరగంట విరామం ఉండాలి. నీళ్లు తగ్గిస్తే ఒంట్లో నీరు తగ్గుతుందని కొందరు పొరబడతారు. నీళ్లు తక్కువైతే శరీరం ఉన్న నీటినే బిగపడుతుంది, ఐరన్ మాత్రలు వేసుకునేవారికి మలబద్ధకం ముదిరి తూకం ఇంకాస్త పెరిగినట్లు కూడా కనిపిస్తుంది. నెలసరి ముందు రోజుల్లో ఒకటి రెండు కిలోల నీరు చేరడం మామూలే, పైగా ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలపాటు నెలసరి తేదీలు తారుమారు కావచ్చు.

కాటాను వారానికి ఒకే రోజున, ఉదయం కాలకృత్యాలు ముగిశాక చూసుకోండి. నడుము, తొడ కొలతలు పదిహేను రోజులకొకసారి టేపుతో రాసుకోండి. తూకం ఆగిన వారాల్లోనే జాకెట్లు వదులు కావడం నేను ఎందరిలోనో చూశాను. ఈ ఆగుదల సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు ఉంటుంది. ప్రోటీన్, నీళ్లు, నడక అన్నీ సక్రమంగా ఉండి కూడా నాలుగు వారాలు దాటినా తూకంలోనూ కొలతల్లోనూ మార్పు లేకపోతే మీ సర్జన్‌ను కలవండి. థైరాయిడ్ పరీక్ష చేయవలసి రావచ్చు, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యపు మందులు కూడా బరువును నిలబెడతాయి కనుక మీరు వాడే మందులన్నీ వారికి చూపించండి.

మీ ఇంటివారికి నాదొక మనవి. పోల్చి, దెప్పి మాట్లాడిన ప్రతిసారీ ఈ అమ్మాయి ఒక పూట తిండి మానేయడానికి సిద్ధపడుతోంది. ఆమెకు ఈ నెలలో అది ప్రమాదం. కాటా గురించి అడగడం మానేసి, ఈ పూట గుడ్డు తిన్నావా, నీళ్లు తాగావా అని అడగండి.

ప్రశ్న: నేను శాకాహారిని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 126 కిలోల బరువుతో గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకుని ఎనిమిది వారాలైంది, 109కి వచ్చాను. డాక్టర్ అనుమతితో జిమ్‌లో తేలికపాటి బరువులు ఎత్తడం మొదలుపెట్టినప్పటి నుంచి తూకం కదలడం లేదు. నాతోపాటే ఆపరేషన్ చేయించుకున్న మిత్రుడు నాకంటే 6 కిలోలు ఎక్కువ తగ్గాడు. జిమ్ మానేయాలా? సాయంత్రం టీలో రెండు మూడు బిస్కెట్లు తప్ప చిరుతిండి ఏమీ లేదు. ఒళ్లు నొప్పులకు మాత్ర వేసుకోవచ్చా?
— హైదరాబాద్

జవాబు: జిమ్ మానవద్దు. కొత్తగా శ్రమపడిన కండరాల్లో చిన్నపాటి వాపు వచ్చి నీరు చేరుతుంది, కొద్ది వారాల్లో అది సర్దుకుంటుంది. కండరాన్ని కాపాడుకోవడానికి ఆ వ్యాయామమే మీకు అవసరం. ఎనిమిది వారాల్లో 17 కిలోలు తగ్గడం మంచి ఫలితమే. బేరియాట్రిక్ సర్జరీ ఫలితాలపై స్వీడన్‌లో 1987లో మొదలై దశాబ్దాలు సాగిన అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవారు ఒకటి రెండేళ్లలో సగటున తమ బరువులో 32 శాతం తగ్గారు. మీ లెక్కకు అది 40 కిలోలు, అందుకు మీకు ఇంకా ఏడాదికి పైగా సమయం ఉంది. మీ మిత్రుడి ఎత్తు, వయసు, మొదటి బరువు, మధుమేహం ఉందో లేదో తెలియకుండా ఆ 6 కిలోల తేడాకు అర్థం లేదు.

బిస్కెట్లను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. టీలో నానిన బిస్కెట్, కారప్పూస, ఐస్‌క్రీమ్, పళ్లరసం వంటివి చిన్న కడుపులో నిలవకుండా జారిపోతాయి, కడుపు నిండిన భావన రాదు, కేలరీలు మాత్రం చేరిపోతాయి. మొదటి నెలల్లో తూకం ఆగడం నీటి వల్లనే అయినా, ఆ సమయంలో అలవాటైన బిస్కెట్ రెండో ఏడాది బరువు తిరిగి పెరగడానికి దారి తీస్తుంది. దానికి బదులు ఆ వేళకు 50 గ్రాముల పనీర్ తింటే 9 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములను బాగా ఉడికించి మెత్తగా చేస్తే మరో 15 గ్రాములు వస్తాయి. పప్పులతోనే 60 గ్రాములు చేరుకోవడం ఈ పరిమాణంలో సాధ్యం కాదు కాబట్టి ప్రోటీన్ పొడిని చిన్నతనంగా భావించకండి. బి12 మాత్రనో ఇంజెక్షన్‌నో ఎప్పటికీ ఆపకండి.

ఒళ్లు నొప్పుల మాత్ర విషయంలో ఒక హెచ్చరిక. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బైపాస్ చేయించుకున్నవారిలో జీర్ణాశయాన్నీ పేగునూ కలిపిన చోట పుండ్లు పడేలా చేస్తాయి, అవి రక్తస్రావానికి దారి తీయవచ్చు. మందుల దుకాణంలో మీరు చెప్పకపోతే అవే చేతికి ఇస్తారు. తప్పదనుకున్నప్పుడు మీ వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడండి.

ప్రశ్న: మా తమ్ముడికి స్లీవ్ ఆపరేషన్ జరిగి ఆరు వారాలు. అందరికీ తూకం ఆగుతుందని విన్నాం గానీ వాడికి ఒక్క వారం కూడా ఆగలేదు, 24 కిలోలు తగ్గాడు. ఇంట్లో అందరం సంతోషించాం. అయితే మూడు వారాలుగా ఏది తిన్నా, తాగినా వాంతి అవుతోంది. రెండు రోజులుగా నడిస్తే తూలుతున్నాడు, ఒక్కటి రెండుగా కనిపిస్తోందంటున్నాడు. నీరసం వల్లనేనా?
— కరీంనగర్ జిల్లా

జవాబు: ఈ ఉత్తరం చేరిన వెంటనే ఆ కుటుంబంతో ఫోన్‌లో మాట్లాడి ఆసుపత్రికి పంపాము. ఇటువంటి పరిస్థితి మరొక ఇంట్లో ఉండవచ్చునని ఇక్కడ ప్రచురిస్తున్నాము.

తూకం ఆగకపోవడాన్ని ఆరోగ్యానికి గుర్తుగా తీసుకోకూడదు. విటమిన్ బి1, అంటే థయమిన్, మన శరీరంలో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. అన్ని రోజులు వాంతులు సాగితే ఆ నిల్వ అయిపోయి మెదడు దెబ్బతింటుంది. తూలడం, చూపు రెండుగా కనిపించడం, మాటలో తికమక, కాళ్లలో తిమ్మిరి దాని లక్షణాలు. వీటిలో అన్నీ కనిపించేదాకా ఆగకూడదు, ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ కొంత నష్టం శాశ్వతమవుతుంది. వాంతులకు కారణం ఆబగా తినడం కావచ్చు, స్లీవ్ ఒకచోట ఇరుకుగా మారడమూ కావచ్చు. రెండోది ఎండోస్కోపీలో తెలుస్తుంది, చాలామందిలో బెలూన్‌తో వెడల్పు చేసి సరిచేయవచ్చు.

దగ్గర్లోని ఏ ఆసుపత్రికి వెళ్లినా అక్కడి వైద్యునికి బేరియాట్రిక్ సర్జరీ జరిగిన తేదీ, వాంతులు ఎన్నాళ్లుగా అవుతున్నాయో, చూపులోనూ నడకలోనూ వచ్చిన మార్పు మొదటే చెప్పండి. నీరసమని గ్లూకోజ్ సెలైన్ ఒక్కటే ఎక్కిస్తే మిగిలిన కొద్ది థయమిన్ కూడా ఖర్చయి పరిస్థితి విషమించవచ్చు కనుక, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వమని అడగండి, డిశ్చార్జి కాగితాలు చూపించి ఆపరేషన్ చేసిన సర్జన్‌తో అక్కడి నుంచే మాట్లాడించండి. ఒకరోజుకు మించి నీళ్లు కూడా నిలవని వాంతులు, కూర్చున్నా గుండె దడదడలాడటం, జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, ఒక పిక్కలో వాపూ నొప్పీ, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా సరే తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరండి.