జీపీఎస్ బాణం కొండ మీదికి చూపిస్తుంటే వేపాయింట్లు ఎలా వాడాలి?

కొత్తగా చేతి జీపీఎస్ కొన్నానని, జియోకాషింగ్‌లో (ఒకరు దాచిన డబ్బాను జీపీఎస్ అంకెలతో వెతికే ఆట) కాష్ డబ్బా దాచిన చోటును వేపాయింట్‌గా ఎక్కించి బాణం చూపిన వైపు నడిస్తే కొండ అడ్డొచ్చిందని రాశారు. మీ పరికరం బాగానే ఉంది. వేపాయింట్‌లో ఉండేది ఒక పేరు, అక్షాంశం, రేఖాంశం. మధ్యలో ఏరుందో లోయుందో దానికి తెలియదు. 'గో టు' నొక్కితే ముక్కుసూటి దూరం, దిక్కు చూపిస్తుంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రగిరి వైపు కొండల్లో జీపీఎస్ పట్టుకుని తిరుగుతుంటాను. అక్కడ తెర మీద 400 మీటర్లని ఉన్నా కాలిబాటన కిలోమీటరున్నర నడవాల్సి రావచ్చు. అందుకే కాష్ వేపాయింట్ ఒక్కదాన్నే నమ్ముకోను. చాలా కాష్‌లకు పార్కింగ్ చోటు, కాలిబాట మొదలు అదనపు వేపాయింట్లుగా ఇస్తారు, ముందు అవి ఎక్కించుకోండి. ఆపైన మీ సొంతవి: బండి ఆపగానే ఒకటి, బాట చీలిన ప్రతిచోటా ఒకటి, ఏరు దాటే దగ్గర ఒకటి. పేర్లు మాత్రం తప్పకుండా మార్చండి. పరికరం తనంతట తాను 001, 002 అని పెట్టేస్తుంది. మంచు కమ్మేశాక 007 ఏ చోటో ఎవరికి గుర్తుంటుంది? ఇంగ్లిష్ అక్షరాల్లోనే బండి, చింత, ఏరు అని పెట్టుకుంటే చాలు.

కొత్తవాళ్లను ఎక్కువ టెన్షన్ పెట్టేది అంకెల పద్ధతి. జియోకాషింగ్‌లో డిగ్రీలు, దశాంశ నిమిషాలు ఇస్తారు. మా ఊరి దగ్గర ఉత్తర అక్షాంశం 18 డిగ్రీల 46.500 నిమిషాలు అనుకోండి. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అది 18.775 డిగ్రీలు. దాన్ని 18.465 అని కొట్టారో, చోటు దాదాపు 34 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి ఒడిశా దాటి శ్రీకాకుళం జిల్లాలో పడుతుంది! అదే నిమిషాల్లో మూడో దశాంశం ఒక అంకె తేడా వస్తే జరిగేది రెండు మీటర్ల లోపే. సెట్టింగుల్లో పొజిషన్ ఫార్మాట్ డిగ్రీలు, దశాంశ నిమిషాలకు, డేటమ్ (అంకెలను భూమి మీది చోటుతో జతచేసే లెక్క) డబ్ల్యూజీఎస్ 84కు పెట్టండి. జీపీఎక్స్ ఫైలు (వేపాయింట్లు ముందే నింపి ఉన్న ఫైలు) దొరికితే నేరుగా ఎక్కించండి, అంకెలు కొట్టే పనే ఉండదు.

దూరం పది మీటర్ల లోపుకి వచ్చాక తెర చూడటం మానేయండి. ఆకాశం తెరిపిగా ఉన్నా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే. దట్టమైన చెట్ల కింద, రాతిగోడల పక్కన సిగ్నల్ తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. అక్కడి నుంచి బండల సందులు, చెట్టు మొదళ్లు కళ్లతోనే వెతకాలి, రాయి కదిపే ముందు కర్రతో తట్టి చూడాలి. రేపు మీరే కాష్ దాచితే వేపాయింట్ యావరేజింగ్ (ఒకే చోటును పలుసార్లు కొలిచి సగటు తీయడం) వాడండి. కొంత వ్యవధి ఇచ్చి అదే చోట మరోసారి కొలిస్తే, మీ వెనక వచ్చేవాళ్లకు మరింత సరైన అంకెలు అందుతాయి.