బాబిలాన్ 5 మధ్యలో ఆపేసిన మా బుజ్జికి

బుజ్జీ,

మొన్న ఫోన్ చేసి, ఆ అంతరిక్షం సీరియల్ బాబిలాన్ 5 మూడు ఎపిసోడ్లు చూసి ఆపేశా మావయ్యా, గ్రాఫిక్స్ పాత వీడియో గేమ్‌లా ఉన్నాయి అన్నావు చూడు, అప్పట్నుంచి ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. నిజమేలే, కాదనను. 1993లో వచ్చిన పైలట్ (సీరియల్‌కి ముందు నమూనాగా తీసిన కథ) కోసం అమీగా కంప్యూటర్ల మీద చేసిన బొమ్మలవి. కానీ కథంతా జరిగే ఆ ఐదు మైళ్ళ అంతరిక్ష స్టేషన్ ఊరికే సోకుకి గిరగిరా తిరగట్లేదమ్మా, అలా తిరిగితేనే లోపలున్నవాళ్ళ కాళ్ళు నేల మీద ఆనేది. స్టార్‌ఫ్యూరీలనే వాళ్ళ చిన్న యుద్ధ విమానాలు కూడా ముందుకి పోతూనే ముక్కు వెనక్కి తిప్పి కాలుస్తాయి, గాలి లేనిచోట అలాగే కుదురుతుంది కదా, ఈసారి చూడు.

నేను చెప్పేది ఒక్కటే, మొదటి సీజన్ 13వ ఎపిసోడ్ దాకా ఓపిక పట్టు. పైలట్ బోర్ కొడితే తర్వాతెప్పుడైనా చూడు, పర్లేదు. ఎవరు హీరో అని వెతక్కు, ఆ స్టేషన్లో ఉండే గ్రహాంతర రాయబారులు లోండోని, జికార్‌ని పట్టుకో. లోండో ఇప్పుడు నీకు నెమలి పింఛంలాంటి జుట్టేసుకుని తాగుతూ జూదమాడే జోకర్‌లా కనిపిస్తాడు, జికార్ అయితే అచ్చం విలనే. 13లో ఒక నవ్వుమొహం పెద్దమనిషి వచ్చి అందర్నీ నీకేం కావాలి, నీకేం కావాలి అని అడుగుతూ తిరుగుతాడు, లోండో చెప్పిన జవాబు దగ్గర నేనైతే తినే ప్లేటు పక్కన పెట్టేశా.

ఎపిసోడ్లు స్కిప్ చెయ్యకు. మొత్తం 110, అందులో 92 ఈ సీరియల్ సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ ఒక్కడే రాశాడు, మూడు నాలుగు సీజన్లయితే పూర్తిగా ఆయనే, ఎక్కడో వేసిన ముడి ఎక్కడో విప్పుతాడు. మొదటి సీజన్ 20లో కనిపించే, దీనికి ముందు కట్టిన స్టేషన్ బాబిలాన్ 4 సంగతి మూడో సీజన్లోగానీ తేలదు మరి. పేర్లు మాత్రం గూగుల్ చెయ్యకు తల్లీ, సగం పేర్ల పక్కనే చావు కూడా రాసుంటుంది.

రెండో సీజన్లో కమాండర్ మారిపోతే తిట్టుకోకు, ఆ నటుడు మైకేల్ ఒహేర్‌కి మానసిక అనారోగ్యం, 2012లో ఆయన పోయేదాకా స్ట్రాజిన్‌స్కీ ఆ సంగతి బయటపెట్టలేదు. నాలుగో సీజన్ పరుగో పరుగు, ఇంకో సీజన్ ఉంటుందో ఉండదో అన్న భయంతో కథంతా కుదించేశారు, అందుకే ఐదో సీజన్ మొదటి సగం కాస్త నీరసం. అక్కడ ఆపావంటే మాత్రం నేనూరుకోను, నాలుగో సీజన్లోనే తీసి దాచిన ఆఖరి ఎపిసోడ్ అక్కడుంది.

రోజుకి రెండుకి మించి చూడొద్దు. మాకప్పుడు వారానికొకటి, అదీ టేపులో రికార్డ్ చేసుకుని, ఒకసారి మీ అత్తయ్య చూసుకోకుండా దాని మీదే వంటల ప్రోగ్రామ్ ఎక్కించేసింది, ఆ ఎపిసోడ్‌లో ఏమైందో తెలియడానికి నాకు ఏళ్ళు పట్టింది, ఇప్పటికీ తనకి గుర్తుచేస్తుంటా.

13 అయిన రాత్రి ఎంత లేటైనా ఫోన్ చెయ్యి. లోండో ఏమన్నాడో నువ్వే చెప్పాలి, నేను చెప్పను.

మావయ్య