నీ కాలేజీలో ఒక్క మొక్కైనా చావనీ

అమ్మాయ్,

నీ కథలో నువ్వు పంపిన ఆరు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. అడవిలో కాలేజీ, అందులో ప్రాణానికి రూపమిచ్చే విద్య, చేరేటప్పుడు ఒక్కొక్కరూ తమ ఊరి విత్తనం ఒకటి తెచ్చుకోవడం, ఇవన్నీ బాగున్నాయి. ఆ విత్తనం సంగతైతే నాకు అసూయ పుట్టించింది. కానీ మూడో అధ్యాయంలో నీ పిల్ల అరచెయ్యి ఆనించగానే ఎండిన చెట్టు చిగురించింది చూడు, అక్కడ కథ చేజారిపోయింది. ఆ తర్వాత ఆ పిల్లకి ఏ ఆపద వచ్చినా నాకు టెన్షన్ కలగలేదు, చెయ్యి పెడితే సరిపోతుంది కదా.

మా పొదలకూరులో నిమ్మకి అంటు కట్టడం దగ్గర కూర్చుని చూశావా ఎప్పుడైనా? వేరు కోసం పెంచే జంబేరి అనే నిమ్మజాతి మొక్క బెరడు మీద టీ ఆకారంలో గాటు పెట్టి, బాగా కాసే చెట్టు నుంచి చెక్కి తెచ్చిన ఒక్క కన్నుని, అంటే చిగురు మొలిచే మొగ్గని, ఆ బెరడు కిందికి దూర్చి, కన్ను మాత్రం బయటికి కనపడేలా ప్లాస్టిక్ పట్టీ చుడతారు. ఇక కొన్ని వారాలు ఎదురుచూడటమే. పచ్చగా ఉంటే బతికినట్టు, నల్లబడితే పోయినట్టు. బతికిందని తేలాక చేసే పని ఉందే, నీకు కావాల్సింది అది: జంబేరి తల నరికేస్తారు. అయినా అది ఊరుకోదు, అంటు కింద నుంచి తన చిగుళ్లు తను వేస్తూనే ఉంటుంది, ఎప్పటికప్పుడు గిల్లేయకపోతే నిమ్మని అణిచేసి మళ్లీ తనే చెట్టయి కూర్చుంటుంది. మొదటి ఏడాది పాఠం ఇదే పెట్టు. ఆ తల నరకడానికి చెయ్యిరాని పిల్లగా నీ నాయికని నిలబెట్టు, అప్పుడు నేను పేజీ తిప్పుతాను.

నీ అడవిలోంచి ఆ ఓక్ చెట్లూ మంచూ తీసెయ్, వెలిగొండ కొండలున్నాయి మనకి.

ఇంకోటి, కాలం. ఒంగోలు గిత్త ఒక్క రోజులో రాలేదు. ఏ కోడెని ఉంచుకోవాలి, దేన్ని అమ్మేయాలి అని మన రైతులు తరతరాలుగా ఎంచుకుంటూ వస్తే ఆ మూపురం, ఆ నడక వచ్చాయి. బ్రెజిల్ మందల్లో ఇవాళ ఎక్కువగా ఆ సంతతే ఉంది, అక్కడ దాన్ని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. మొదట ఎంచుకున్న రైతు అదేదీ చూడలేదు. నీ కాలేజీలో ముసలి మాస్టారు మొదలుపెట్టిన పని కూడా ఆయన శిష్యుల శిష్యులకి గానీ పూర్తికాకూడదు. ఆయనకది తెలిసి కూడా పొద్దున్నే లేచి నీళ్లు పోయాలి.

నీళ్లంటే గుర్తొచ్చింది. నీ కాలేజీ బావి నీళ్లు తాగితే ఏ జబ్బైనా నయమవుతుందని రాశావు. నువ్వు కనిగిరి పిల్లవి. ఫ్లోరైడ్ నీళ్లు పళ్లని గారపట్టించి మోకాళ్లు వంచేయడం చూస్తూ పెరిగావు. ప్రాణాన్ని మలిచే నీరు నీ ఊళ్లోనే ఉంటే, లేని బావి ఎందుకమ్మా? ఆ పిల్ల విత్తనంతో పాటు ఇంటి నుంచి ఒక సీసాడు నీళ్లు కూడా తెచ్చిందనుకో. మాస్టార్లు వాటిని ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోయారనుకో. నాలుగో అధ్యాయం అక్కడ మొదలుపెట్టి చూడు.

సెలవుల్లో వస్తే తోటకి తీసుకెళ్తాను. కత్తి నీ చేతికే ఇస్తాను, జంబేరి తల నువ్వే కొయ్యాలి.

ఆశీస్సులతో,
మీ పొదలకూరు పెద్దమ్మ