పాస్కల్‌లో ఎస్‌క్యూఎల్: వేరియబుల్ ఎక్కడ రాయాలి, ఎలా రాయాలి?

ప్రశ్న: మా రైస్ మిల్లులో ధాన్యం కొనుగోలు లెక్కలు పాత పాస్కల్ ప్రోగ్రామ్‌లోనే నడుస్తున్నాయి, డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ కూడా అందులోనే ఉంది. ‘రకం’, ‘బస్తా ధర’ అనే రెండు వేరియబుల్స్ వార్ (పాస్కల్‌లో వేరియబుల్స్ ప్రకటించే చోటు) కింద కొత్తగా రాశాను. ప్రీకంపైలర్ (కంపైలర్ కంటే ముందు ఎస్‌క్యూఎల్ వాక్యాలను పాస్కల్‌లోకి మార్చేది) వాటిని డిక్లేర్ చేయలేదంటోంది. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ప్రీకంపైలర్‌కి పాస్కల్ పూర్తిగా రాదు. ‘ఎగ్జెక్ ఎస్‌క్యూఎల్ బిగిన్ డిక్లేర్ సెక్షన్;’ నుంచి ‘ఎగ్జెక్ ఎస్‌క్యూఎల్ ఎండ్ డిక్లేర్ సెక్షన్;’ దాకా ఉన్నవే దాని దృష్టిలో వేరియబుల్స్. ఈ రెండు లైన్లూ వార్ అన్న మాట తర్వాత రావాలి, మీ డిక్లరేషన్లు వాటి మధ్యలో ఉండాలి. ఎస్‌క్యూఎల్ వాక్యంలో పేరు ముందు కోలన్ పెట్టండి. మామూలు పాస్కల్ వాక్యాల్లో అదే పేరు కోలన్ లేకుండా రాయాలి.

రకాన్ని ‘ప్యాక్డ్ అర్రే [1..10] ఆఫ్ చార్’ అని రాయండి. ఆ 10 స్థానంలో కాన్స్ట్ (మారని విలువ) పేరు వాడితే పాస్కల్ ఒప్పుకుంటుంది కానీ, ఎస్‌క్యూఎల్-92 ప్రమాణం అక్కడ అంకెనే అడుగుతుంది. ఇంకో చిక్కు: ‘ఎంటీయూ 7029’ అనే వరి రకాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే మధ్య ఖాళీతో కలిపి 8 అక్షరాలే. పొడవు సరిపోకపోతే ప్రామాణిక పాస్కల్ అసైన్‌మెంట్‌ని ఒప్పుకోదు. కోట్స్ లోపల చివర రెండు ఖాళీలు కలపాలి.

ధర సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఎస్‌క్యూఎల్ డెసిమల్‌కి సరితూగే టైపు ప్రామాణిక పాస్కల్‌లో లేదు. దశాంశ సంఖ్యలు ఉంచే రియల్‌లో పెడితే ఎక్కడో ఒకచోట పైసలు తేడా వస్తాయి, సీజన్ చివర లెక్క కలవదు. పైసల్లోకి మార్చి ఇంటీజర్‌లో (పూర్ణాంకంగా) ఉంచడమే మేలు. ముందు మీ కంపైలర్‌లో మాక్సింట్, అంటే ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య, ఎంతో చూసుకోండి. 2024-25 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటా రూ.2,300. ఆ లెక్కన 75 కిలోల బస్తా రూ.1,725, అంటే 1,72,500 పైసలు. 16 బిట్ల ఇంటీజర్ 32,767 దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న: తేమ శాతం చదివే సెలెక్ట్ కొన్ని లారీల దగ్గరే 22002 అనే ఎర్రర్‌తో ఆగిపోతోంది. మిగతావి బాగానే వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఆ లారీలకు తేమ కొలవలేదు, కాలమ్‌లో నల్ (విలువ లేదనే గుర్తు) ఉంది. నల్‌ని పట్టుకునే చోటు పాస్కల్ రియల్‌లో లేదు. అందుకే డిక్లేర్ సెక్షన్‌లో ‘తేమ_సూచి : ఇంటీజర్;’ అని నల్ వచ్చిందో లేదో చెప్పే ఒక ఇండికేటర్ (సూచి) చేర్చి, ‘సెలెక్ట్ తేమ ఇంటూ :తేమ :తేమ_సూచి’ అని రాయండి. రెండింటి మధ్య కామా పెట్టకండి. పెడితే అది రెండో కాలమ్‌కి ఉద్దేశించిన వేరియబుల్ అనుకుని, లెక్క కుదరలేదని మొరాయిస్తుంది.

నల్ వస్తే సూచిలో -1 పడుతుంది, మామూలు విలువైతే 0. సూచి చూడకుండా తేమని వాడితే అందులో పాత లారీ అంకె ఉండిపోవచ్చు. నల్‌ని సున్నా చేసుకోవడం అంతకన్నా ప్రమాదం: కొనుగోలు పరిమితి 17 శాతం కాబట్టి కొలవని ధాన్యమంతా దర్జాగా పాసైపోతుంది.

సూచి కంటే ముందు ఎస్‌క్యూఎల్‌స్టేట్ (వాక్యం ఫలితాన్ని కోడ్‌గా చెప్పే వేరియబుల్) చూడాలి. దాన్నీ అదే సెక్షన్‌లో 5 అక్షరాల ప్యాక్డ్ అర్రేగా రాయండి. ‘02000’ అంటే మీరు అడిగిన చీటీ నంబరుకి అసలు వరుసే లేదు, అప్పుడు సూచిని చూసి లాభం లేదు. ‘21000’ అంటే ఒకటి కంటే ఎక్కువ వరుసలు వచ్చాయి, వాటిని ఒక్కొక్కటిగా అందించే కర్సర్ వాడాలి.

ఇన్సర్ట్‌లో తేమ ఖాళీగా పంపాలంటే సూచిలో -1 పెట్టండి. తర్వాతి లారీకి దాన్ని మళ్లీ 0 చేయకపోతే, తేమ కొలిచినా నల్‌గానే ఎక్కుతుంది. లూపుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

ప్రశ్న: మండలానికో టేబుల్ ఉంది. ‘ఫ్రమ్ :టేబుల్’ అంటే పనిచేయడం లేదు.
– ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: పనిచేయదు. కోలన్ వేరియబుల్ విలువ స్థానంలోనే చెల్లుతుంది, టేబుల్ పేరు, కాలమ్ పేరు స్థానంలో చెల్లదు. ప్రిపేర్‌తో డైనమిక్ ఎస్‌క్యూఎల్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా తయారయ్యే వాక్యం) వాడొచ్చు. కానీ టేబుళ్లన్నీ ఒకటిగా కలిపి, ‘మండలం’ అనే కాలమ్ పెట్టి, ‘వేర్ మండలం = :మండలం’ అని అడగండి. కొత్త మండలం చేరినా ప్రోగ్రామ్ మార్చే పనుండదు.