లెక్కల గుమాస్తా చదివిన నాలుగు పుస్తకాలు

ఈ మధ్య చదివిన నవలల్లోనూ, నవలలు కాని పుస్తకాల్లోనూ ఏవి నచ్చాయి, ఏవి నచ్చలేదు, ఎందువల్ల అని మీరు అడిగారు. జవాబు చెప్పే ముందు నా చదువులో ఉన్న ఒక వంకరను ఒప్పుకోవాలి. నేను 34 ఏళ్లు సబ్ ట్రెజరీలో బిల్లులు సరిచూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పుస్తకం ఎంత గొప్పదైనా, అందులోని మనుషులు దేని మీద బతుకుతున్నారో, ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో కాసేపట్లో తెలియకపోతే నాకు మనసు నిలవదు. వోచరు లేని బిల్లును వెనక్కు పంపిన చేతికి అది అలవాటైపోయింది. కాబట్టి నా ఇష్టాయిష్టాలను ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

ఆ కొలతతో చూస్తే ఈ ఏడాది నేను చదివినవాటిలో ముందు నిలిచేది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’. 1957లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా మొదలైన ఈ నవల ఆమెకు ఒకే ఒక్క నవల; 1961లో, 31 ఏళ్లకే ఆమె కన్నుమూశారు. విశాఖపట్నంలో ఒకే ఇంట్లో పై గదిలో వైద్యం చదువుతున్న ప్రకాశం, కింద ఇందిర, ఆమె తండ్రి ఉంటారు. ఇల్లు ఇందిర జీతం మీద నడుస్తుంది. రచయిత్రి ఆ ఒక్క విషయాన్ని చివరిదాకా మరిచిపోదు. ఇందిర ప్రకాశం వైపు మొగ్గినా, ప్రకాశం మనసుపడిన కల్యాణిని చూసి అసూయపడినా, అతని స్నేహితుడు కృష్ణమూర్తితో చనువుగా తిరిగినా, ఆ ప్రతి అడుగు వెనుకా ఈ బరువు ఎన్నాళ్లు మొయ్యాలన్న విసుగు వినిపిస్తూనే ఉంటుంది. ఆమెను చెడ్డదానిగానో గొప్పదానిగానో తేల్చి చెప్పమని పాఠకుడు ఎదురుచూస్తాడు గాని, శ్రీదేవి ఆ పని చెయ్యదు. ప్రకాశం పిరికితనాన్ని కూడా ఎగతాళి చెయ్యకుండా, ఇంటి పెద్దల నీడ దాటి నిలబడలేని మనిషి ఎలా కుంచించుకుపోతాడో ఓపికగా చూపిస్తుంది.

నేను ఈ నవలను ఇంతగా పట్టించుకోవడానికి మా ఇల్లు కూడా ఒక కారణం. మా అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసేది. నాన్నగారికి నిలకడైన సంపాదన ఉండేది కాదు. జీతాల రోజు సాయంత్రం ఆయన వీధి అరుగు మీద కూర్చుని, అక్క సందు మలుపు తిరగగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. అక్క చెప్పులు విడిచి, ఆయన పక్కన ఒక పది రూపాయల నోటు పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఆయన పొడుం డబ్బా ఉంచి లోపలికి వచ్చేది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవారు కారు. ఇందిర, ఆమె తండ్రి ఎదురుపడే ఘట్టాలు చదువుతున్నంతసేపూ నాకు ఆ పొడుం డబ్బా కళ్ల ముందు కదిలింది.

చదవడం పూర్తయ్యాక పుస్తకాన్ని అక్కకే ఇచ్చాను. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఇప్పుడు మాతోనే ఉంటోంది. అప్పటికి కంటి శుక్లాలు ముదరలేదు గనక వారం రోజుల్లో తనే చదివి తిరిగి ఇచ్చింది. “అంతా బాగానే రాసింది గాని, ఆఖరికి ఈ పిల్లకి కూడా పెళ్లి చేసేసిందేమిట్రా?” అంది. కృష్ణమూర్తిని ఇందిర అన్నీ తెలిసే ఎంచుకుంది గదా, అది ఓటమి ఎలా అవుతుందని నేను చాలాసేపు వాదించాను. ఆమె ఒప్పుకోలేదు. ఆ చివరి పుటలు మళ్లీ చదివాను. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు గాని, మునుపటి ధీమా మాత్రం లేదు.

నచ్చలేదని చెప్పడానికి కాస్త జంకుతున్న నవల ఒకటుంది. 1946-47లో ధారావాహికగా వచ్చిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని చాలామంది తెలుగు నవలల్లో శిఖరంగా చెబుతారు. తల్లి గురించి లోకం అనుకున్న మాటలు కొడుకు దయానిధిని నీడలా వెంటాడడం, ఆ నీడ పడి అతని ప్రతి అనుబంధమూ వంకరపోవడం నన్నూ కదిలించాయి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి కిటికీలోంచి బయటికి చూడవలసి వచ్చింది. అయితే జీవితానికి అర్థం ఏమిటని వెతుకుతున్న మనిషికి రాయలసీమలో వజ్రం దొరికేసరికి నాలోని గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు. ఈ మాట అనంతపురం మిత్రునితో అంటే ఆయన నవ్వి, తొలకరి వాన పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం ఇప్పటికీ వంగి వెతుకుతూనే ఉంటారని, అందులో వింతేమీ లేదని చెప్పారు. సరే, అసంభవమన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను. అయినా నా అభ్యంతరం అది కాదు. వజ్రం దొరికాక దయానిధి బాధ గాలిలో తేలే బాధ అయిపోయింది. రేపటి బియ్యం గురించి ఆలోచించనక్కరలేని మనిషి అడిగే ప్రశ్నకూ, ఆ ఆలోచనతోనే నిద్రలేచే మనిషి అడిగే ప్రశ్నకూ తేడా ఉంటుందనే అనుకుంటాను.

అందుకే కాబోలు, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’లో నాకు ఊపిరి ఆడింది. ఇది ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) పెట్టిన నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో సినిమాగా కూడా వచ్చింది. కరువుకాలంలో కడప ప్రాంతపు కాపరులు మేతకూ నీటికీ గొర్రెలను నల్లమలకు తోలుకుపోతారు. దాన్నే కొండపొలం అంటారు. ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని కుర్రవాడు తండ్రి వెంట ఆ మందతో అడవికి పోతాడు. ఇక్కడ గొర్రె అంటే ఆస్తి, తప్పిపోయిన గొర్రె అంటే తగ్గిపోయిన ఇల్లు. కాబట్టి పులి భయం కూడా ఉత్త సాహసకథ కాకుండా లెక్కలోకి వస్తుంది. మా ఊళ్లోనూ వేసవిలో ఎరువు కోసం రైతులు రాత్రిపూట తమ చేలల్లో మంద పెట్టించుకుని కాపరికి ధాన్యం కొలిచేవారు. ఆ మనుషులు ఎక్కడి నుంచి వస్తారో, మళ్లీ ఎక్కడికి పోతారో చిన్నప్పుడు ఎవరినీ అడగలేదు. లోపమల్లా ఒకటే: కుర్రవాడిలోని మార్పు మరీ నునుపుగా సాగిపోయింది. ఒకటి రెండుసార్లు అతను ఓడిపోయి ఉంటే ఇంకా నమ్మేవాణ్ణి.

ఇక నవల కానిది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలోని మాటను మరో భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో చెన్నపట్నంలో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్లి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దేశంలో ప్రయాణికుల రైలు రావడానికి ఇంకా 20 ఏళ్లకు పైగా ఉన్న కాలం అది. పల్లకీలు, బోయీలు, డేరాలు, వాగులు. దారి పొడవునా రాసిపెట్టుకున్న ఆ సంగతులు, ఆయన పోయిన రెండేళ్లకు, 1838లో అచ్చయ్యాయి. దిగవల్లి వేంకటశివరావు గారు పరిష్కరించి 1941లో మళ్లీ వెలువరించారు.

భక్తి పుస్తకమనుకుని ఏళ్ల తరబడి దీన్ని ముట్టుకోలేదు. తెరిచి చూస్తే నా బోటివాడి కోసమే రాసినట్టుంది. ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడి దారి రాళ్లమయం, ఎక్కడ ఎలాంటి సుంకం అడుగుతారు అన్నవి ఆయన విడవకుండా రాసుకున్నారు. తర్వాత వచ్చేవాడికి ఉపయోగపడాలన్న ఆలోచన ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. దొరల కోర్టులో కొలువు చేసినవాడు గనక వాళ్ల పాలనను చూసే చూపులో మెత్తదనం ఉంది. మోసుకుంటూ నడిచినవాళ్ల వైపు నుంచి ఈ ప్రయాణం ఎలా ఉండి ఉంటుందన్న ప్రశ్న మాత్రం చదివినంతసేపూ నన్ను వదలలేదు. అయినా దాదాపు 200 ఏళ్ల నాటి ఆ తెలుగు, వ్యాకరణం మీద బెంగ పెట్టుకోకుండా పని జరిగేట్టు నడిచే ఆ తెలుగు, నాకు చాలా కావ్యాల కన్నా దగ్గరగా తోచింది.

ఇప్పుడు దాన్ని రెండోసారి చదువుతున్నాను, ఈసారి పైకి. అక్కకు నెల క్రితం కంటి ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్లు కంటికి శ్రమ వద్దన్నారు. భోజనాలయ్యాక రోజుకు మూడు నాలుగు మజిలీలు వినిపిస్తాను. కోవెలల వర్ణన వచ్చినప్పుడు తను కునుకు తీస్తుంది గాని, బియ్యం, పాలు, కట్టెలు దొరికాయా లేదా అన్న చోట మాత్రం తప్పకుండా మేలుకుంటుంది. “వందమందికి వంట ఎవరు చేశార్రా?” అని మొన్న అడిగింది. నిన్న రాత్రికి కృష్ణ దాటాము. హైదరాబాదు ఇంకా రాలేదు.