హెడ్లీ వెరిటీని బౌలింగ్ చేయనివ్వండి

మిత్రులకు నమస్కారం.

ఇంగ్లండ్ క్రికెటర్ హెడ్లీ వెరిటీ జీవితం మీద మీరు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ 1932 నాటి హెడింగ్లీ మ్యాచ్ గురించి చెబుతూ మధ్యలో ‘మృత్యువు అప్పటికే ఇటలీలో ఆయన కోసం కాచుకుని ఉంది’ అని రాశారే, అక్కడ నాకు కోపం వచ్చింది. యార్క్‌షైర్‌కు ఆడుతున్న ఆ ఇరవై ఏడేళ్ల ఎడమచేతి స్పిన్నర్ ఆనాడు నాటింగ్‌హమ్‌షైర్ కౌంటీ జట్టులోని పదిమందినీ తను పది పరుగులే ఇచ్చి అవుట్ చేశాడు. ఒక్క వికెట్టూ పోకుండా 44 పరుగులు చేసిన జట్టు 67కు ఆలౌటయింది. 19.4 ఓవర్లలో 16 మెయిడెన్లు, అంటే పరుగే ఇవ్వని ఓవర్లు, అందులో ఒక హ్యాట్రిక్. ఇంత పనినీ ఒక్క ముక్కలో దాటేసి, పదకొండేళ్ల తర్వాత రాబోయే చావుకు పేరా మొత్తం ఇచ్చేశారు.

ఒక మనిషి బతుకును అతని చావు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. వెరిటీ బతికిన ముప్పై ఎనిమిదేళ్లలో ఏ రోజూ చావుకు ముందుమాట కాదు. 1934లో లార్డ్స్ టెస్టులో వారాంతపు వానకు తడిసిన పిచ్ మీద సోమవారం ఒక్కరోజే 14 మంది ఆస్ట్రేలియన్లను అవుట్ చేశాడు. పిచ్‌లను కప్పని ఆ రోజుల్లో తడిసిన నేల ఆరుతున్నప్పుడు బంతి ఎలా తిరిగి లేస్తుందో, మామూలు స్పిన్నర్ల కంటే కాస్త వేగంగా వేసే వెరిటీ అదే చోట మళ్లీ మళ్లీ బంతి వేస్తుంటే బ్రాడ్‌మన్ అంతటివాడు సహనం కోల్పోయి గాలిలోకి కొట్టి వికెట్‌కీపర్ ఏమ్స్‌కు ఎలా దొరికిపోయాడో రాయండి. పాఠకుడికి ఆ చేతి పనితనం తెలిస్తేనే, ఆ చెయ్యి లేకుండా పోవడం అంటే ఏమిటో తెలుస్తుంది.

సంపాదకులు మిమ్మల్ని వేరే దారి పట్టించవచ్చు. వెనకటికి ఒక మృదంగ విద్వాంసుడి మీద నేను రాసిన వ్యాసంలో, ఆయన రోజూ చేసిన సాధన గురించిన భాగమంతా ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేసి, ఆఖరి జబ్బును మాత్రం మిగిల్చి, పైగా ‘కన్నీటి కథ’ అని శీర్షిక తగిలించాడు. ఇన్నేళ్లయినా ఆ బాధ నన్ను వదల్లేదు. కన్నీళ్లు తేలిగ్గా అమ్ముడుపోతాయని నమ్మే ఆ ఫ్యాషన్ ఇప్పుడు మరీ ముదిరింది.

యుద్ధం గురించి తక్కువ రాయండి, సరిగ్గా రాయండి. తూటాలను బౌన్సర్లతో పోల్చిన వాక్యం తీసేయండి. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్‌లో ప్రవేశించింది. అదే రోజు ఇంగ్లండ్‌లోని హోవ్‌లో వెరిటీ 9 పరుగులకు 7 వికెట్లు తీయగా ససెక్స్ 33కు ఆలౌటయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి, వ్యాఖ్యానం అక్కర్లేదు. బ్రిటిష్ సైన్యంలోని గ్రీన్ హోవర్డ్స్ రెజిమెంటులో కెప్టెన్‌గా 1943 జులైలో ఇటలీ దీవి సిసిలీలోని కటానియా మైదాన ప్రాంతంలో తన సైనిక దళాన్ని ముందుకు నడిపిస్తూ ఛాతీకి గాయమై జర్మన్లకు చిక్కాడు. జులై 31న ఇటలీలోని కసెర్టాలో బందీగానే కన్నుమూశాడు. ఇంతకు మించి విశేషణాలు వద్దు.

మీరు అడిగిన ప్రచురణకర్తల సంగతి తర్వాత. ముందు మీరు వదిలేసిన మద్రాసు టెస్టును చేర్చండి. 1934 ఫిబ్రవరిలో చేపాక్‌లో, నాగపూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబంవాడైన సి.కె. నాయుడు సారథ్యంలోని భారత జట్టు మీద వెరిటీ తొలి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7, రెండో దాంట్లో 4 వికెట్లు తీశాడు. తెలుగులో వెరిటీ గురించి రాసేవారు ఆ మ్యాచ్‌ను విడిచిపెట్టడం నాకు అర్థం కాలేదు. అది రాసి మళ్లీ పంపండి, చదువుతాను.