లివింగ్‌స్టోనీ చచ్చినట్టు పడుకుంటే వెంటనే మందు వేయకండి

మీ లివింగ్‌స్టోనీ చేప ట్యాంకు అడుగున పక్కకి ఒరిగి పడుకుంటోందని, దగ్గరికి వెళ్తే లేచి మామూలుగా ఈదుతోందని, మందు వేయాలా అని అడిగారు కదండీ. మందు జోలికి వెళ్లకండి. ఈ మధ్య రెండు చిన్న చేపలు కనిపించడం లేదని కూడా రాశారు, చాలావరకు జవాబు అందులోనే ఉంది. మీ చేప వేటాడుతోంది.

నేను ఇదే తప్పు చేశాను. చేపను తెచ్చిన కొత్తలో ఒక సాయంత్రం చూస్తే రాయి పక్కన ఇసుకలో ఒరిగిపోయి ఉంది, నాకు టెన్షన్ వచ్చేసి వలతో తీసి, వేరే తొట్టిలో వేసి, ఉప్పు కలిపి, రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాను. పాపం బెదిరిపోయి రెండు రోజులు మేత ముట్టలేదు. ఏ జబ్బూ లేని చేపను నేనే ఇబ్బంది పెట్టాను.

వారం తర్వాత మళ్లీ పడుకుంది. ఈసారి కదిలించకుండా అద్దానికి కాస్త దూరంగా కుర్చీ వేసుకుని చూశాను. ఒళ్లు కదలడం లేదు, మొప్పలు మాత్రం నెమ్మదిగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి, పైకి ఉన్న కన్ను తిరుగుతోంది. ఒక పసుపు చేపపిల్ల వచ్చి తోక దగ్గర పొడిచి చూసి పోయింది, కాసేపటికి మళ్లీ వచ్చి తల దాకా వెళ్లింది. అంతే, పడుకున్నది పడుకున్నట్టే పక్కకి ఒక్క ఊపు ఊపింది, మూతి గొట్టంలా ముందుకు సాగింది, పిల్ల మాయం.

ఇది ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేప, శాస్త్రీయ నామం నింబోక్రోమిస్ లివింగ్‌స్టోనీ. అక్కడివాళ్లు దీన్ని కలిగోనో అంటారు, అంటే నిద్రపోయేది అని, ఇంతకంటే సరైన పేరు ఇంకొకటి దొరకదు. సరస్సులో ఇసుక నేల మీద, రిబ్బన్‌లా పొడుగ్గా పెరిగే వాలిస్నేరియా అనే నీటి మొక్కల దగ్గర తిరుగుతూ, అప్పుడప్పుడు ఇసుకలో ఒరిగి కొన్ని నిమిషాలు అలాగే ఉండిపోతుంది. తెలుపు మీద ముదురు గోధుమ రంగు మచ్చలతో అది కుళ్లుతున్న చచ్చిన చేపలా కనిపిస్తుంది, పీక్కుతిందామని వచ్చిన చిన్న చేపలు దాని నోట్లో పడతాయి. కెన్నెత్ మెక్‌కే అనే శాస్త్రవేత్త 1981లో ఈ వేట పద్ధతి గురించి పరిశోధన వ్యాసం రాశారు. మధ్య అమెరికాలో పారాక్రోమిస్ ఫ్రీడ్రిక్స్‌థాలీ అనే, దీనిలాగే సిక్లిడ్ కుటుంబానికి చెందిన ఇంకో చేప కూడా ఇలాగే చచ్చినట్టు నటిస్తుందని తర్వాత గమనించారు. సముద్రం అవతల వేరే నీళ్లలో బతికే చేపకి అదే ఎత్తు ఎలా అబ్బిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నిజంగా జబ్బు చేస్తే తేడా తెలిసిపోతుంది. మొప్పలు గబగబా కొట్టుకుంటాయి, రెక్కలు ఒంటికి అతుక్కుపోతాయి, మేత వేసినా రాదు, కదిలించినా నిటారుగా నిలబడలేక మళ్లీ ఒరిగిపోతుంది. ఇవి కనిపిస్తే ముందు నీళ్లు పరీక్ష చేయండి, అమ్మోనియా ఉంటే కొంత నీరు మార్చండి. ఇంకొక్క మాట, ఆడచేప మేత మానేసి గొంతు కింద ఉబ్బినట్టుంటే కంగారు పడకండి, అది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతోంది, సుమారు మూడు వారాలు అలాగే ఉంటుంది.

మీది ఇంకా చిన్నదే అన్నారు, కానీ ఇది 25 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప, మగదైతే పెద్దయ్యాక మచ్చలు మసకబారి నీలం తిరుగుతుంది. దాని నోట్లో పట్టేది ఏదైనా దానికి మేతే, కడుపునిండా పెట్టినా ఈ అలవాటు పోదు, నేను చూశాను. ఈ రాత్రి ఒక పావుగంట దూరంగా కూర్చుని దాని కన్ను చూడండి. తిరుగుతూ ఉంటే మిగిలిన చిన్న చేపలను రేపటిదాకా ఆగకుండా వేరే తొట్టిలోకి మార్చేయండి.